పిచర్ ఒప్పందంలో అసలు ధర ఎక్కడుంటుంది?

2023 డిసెంబర్‌లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు ఒకే నెలలో ఇద్దరు జపాన్ ఆటగాళ్లతో సంతకాలు చేయించుకుంది. షోహెయ్ ఒహ్తానీకి పదేళ్లకు 70 కోట్ల డాలర్లు, యోషినోబు యమమోటోకు పన్నెండేళ్లకు 32.5 కోట్ల డాలర్లు. ఒహ్తానీకి అంతకు కొన్ని నెలల ముందే మోచేతి ఆపరేషన్ జరిగింది, 2024 అంతా అతను బ్యాట్ పట్టగలడే గానీ బంతి వేయలేడని డాడ్జర్స్‌కి తెలుసు. యమమోటో అయితే అమెరికా అగ్రస్థాయి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో అప్పటికి ఒక్క బంతి కూడా వేసి ఎరుగడు.

2025కి వద్దాం. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్ ఆ ఏడాది, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డును ఏకగ్రీవంగా గెలుచుకున్నాడు. ఆ సీజన్‌కి అతని జీతం 8.75 లక్షల డాలర్లు.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి పొంతన కుదరదు. నిజానికి ఒక్కో అంకె వెనకా ఒక్కో నిబంధన ఉంది. ఎవరికి బేరమాడే హక్కు ఉంది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, చెయ్యి పాడైతే నష్టం ఎవరిది? ఈ మూడూ తెలిస్తే పేపర్లో కనిపించే పెద్ద అంకె వెనక అసలు ధర ఎంతో తేలుతుంది. మేజర్ లీగ్ యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఆ చర్చల్లో ప్రధానంగా నలిగేవి కూడా ఈ నిబంధనలే.

పిచర్ బౌలరే, కానీ పని వేరు

క్రికెట్ తెలిసినవాళ్లకు పిచర్ అంటే బౌలర్ అని చెబితే సగం అర్థమవుతుంది. డబ్బు సంగతికొచ్చేసరికి మిగతా సగమే ముఖ్యం. పిచర్ పరుగెత్తుకుంటూ రాడు. కాస్త ఎత్తుగా పోసిన మట్టి దిబ్బ మీద నిలబడి, 18.44 మీటర్ల దూరం నుంచి బంతి నేలకు తగలకుండా విసురుతాడు. మోచెయ్యి వంచి విసరడానికి ఇక్కడ అడ్డు లేదు. పరుగు సాయం లేకుండా అంత వేగం పుట్టాలంటే భారమంతా భుజం మీదా మోచేతి మీదా పడుతుంది.

మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ని స్టార్టర్ అంటారు. 5, 6 ఇన్నింగ్స్ వరసగా అతనే వేస్తాడు (ఇక్కడ ముగ్గురు ఔటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టే, మామూలుగా మ్యాచ్‌కి తొమ్మిది). అవతలి ఎండ్ నుంచి ఇంకొకరు ఓవర్ వేస్తుంటే ఊపిరి పీల్చుకునే వీలు లేదు. 90, 100 బంతులయ్యాక దిగిపోతాడు, మళ్లీ బంతి పట్టేది నాలుగైదు రోజుల విశ్రాంతి తర్వాతే. 162 మ్యాచ్‌ల సీజన్‌లో ఆరోగ్యంగా ఉన్న స్టార్టర్ మొదలుపెట్టేది మహా అయితే 30 నుంచి 33 మ్యాచ్‌లు. ఏటా 3 కోట్ల డాలర్లు తీసుకునే పిచర్‌కి ఒక్కో మ్యాచ్‌కి దాదాపు 10 లక్షల డాలర్లు పడుతున్నట్టు లెక్క.

మనకు తెలిసిన బేరం ఐపీఎల్ వేలం. 2023 డిసెంబర్‌లోనే దుబాయ్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ పాట్ కమిన్స్‌ని 20.50 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. జట్టు మొత్తం ఖర్చు 100 కోట్లు దాటకూడదని ఆ ఏడాది హద్దు. పైగా ఏ జట్టుకి వెళ్లాలో కమిన్స్ చేతిలో లేదు, సుత్తి ఎక్కడ పడితే అక్కడికే. బేస్‌బాల్‌లో రెండూ తలకిందులు. స్వేచ్ఛ వచ్చిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుని ఎంచుకుంటాడు, జట్టు ఖర్చుకి పైన గట్టి మూత లేదు. ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి: ఒకసారి సంతకం పెట్టాక ఆటగాడు గాయపడినా, ఆట తప్పినా ఒప్పందంలోని డబ్బు పూర్తిగా ఇవ్వాల్సిందే.

ఆరేళ్ల దాకా బేరం లేదు

మేజర్ లీగ్‌లో ఆటగాడి అనుభవాన్ని రోజుల్లో కొలుస్తారు. సీజన్‌లో 172 రోజులు జట్టు జాబితాలో ఉంటే ఒక ఏడాది కింద లెక్క. అలా ఆరేళ్లు నిండితేనే ఫ్రీ ఏజెంట్, అంటే ఎవరితోనైనా బేరమాడుకునే హక్కు. మొదటి మూడేళ్లు దాదాపు క్లబ్ ఇచ్చిందే జీతం. 2025లో కనీస జీతం 7.6 లక్షల డాలర్లు. ఆ తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్ దశ. మాట కుదరకపోతే ఆటగాడు ఒక అంకె చెబుతాడు, క్లబ్ ఒక అంకె చెబుతుంది, మధ్యవర్తులు ఆ రెండింటిలో ఒకదాన్నే ఎంచాలి. సగానికి సర్దడం కుదరదు. అత్యాశకు పోయి పెద్ద అంకె చెబితే మొత్తానికే ఓడిపోవచ్చు కాబట్టి ఇద్దరూ కాస్త దగ్గరికొస్తారని ఆ ఏర్పాటు.

స్కీన్స్ జీతం ఇప్పుడు అర్థమవుతుంది. జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2023లో మొట్టమొదట ఎంపికైనవాడతను. సంతకానికి 92 లక్షల డాలర్లు బోనస్‌గా వచ్చాయి. 2024 మేలో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, మరుసటి ఏడాదికే సై యంగ్ గెలిచాడు. ఆరేళ్ల లెక్క పూర్తవనందువల్ల బహిరంగ మార్కెట్లో అతని ధర ఎంతో పిట్స్‌బర్గ్ పట్టించుకోనక్కర్లేదు. ఇలాంటి కుర్రాళ్ల కోసం 2022 నుంచి ఏటా 5 కోట్ల డాలర్ల బోనస్ నిధి పెట్టారు. 2024లో స్కీన్స్‌కి అందులోంచి 21.5 లక్షల డాలర్లు వచ్చాయి. జీతం కంటే అది ఎక్కువే, కానీ అతని స్థాయి ఫ్రీ ఏజెంట్ పిచర్‌కి నెల రోజుల్లో వచ్చే డబ్బు కంటే తక్కువ.

అసలు ఈ బేరమాడే హక్కు ఎలా వచ్చిందో తెలుసుకోవాలి, ఎందుకంటే తలుపు తెరిచింది పిచర్లే. 1974లో ఓక్‌లాండ్ జట్టులో క్యాట్‌ఫిష్ హంటర్ అనే పిచర్ ఉండేవాడు. అప్పటి నిబంధన ప్రకారం ఆటగాడు ఎంతకాలమైనా తన క్లబ్ సొత్తు, బయటికి పోయే దారి లేదు. హంటర్ జీతం లక్ష డాలర్లు. అందులో సగం ఇప్పుడు ఇవ్వకుండా, తర్వాత చేతికొచ్చేలా బీమా పథకంలో జమ చేయాలని ఒప్పందంలో రాసుకున్నారు. క్లబ్ యజమాని చార్లీ ఫిన్లీ ఆ 50 వేలు కట్టలేదు. ఒప్పందం భంగమైంది కాబట్టి హంటర్ స్వేచ్ఛాపరుడని మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పు చెప్పాడు. నార్త్ కరోలినాలో అహోస్కీ అనే చిన్న ఊళ్లో ఉన్న హంటర్ లాయరు ఆఫీసుకి క్లబ్బులవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాలారు. డిసెంబర్ 31న న్యూయార్క్ యాంకీస్ 30 లక్షల డాలర్లు దాటిన ఐదేళ్ల ఒప్పందంతో అతన్ని తీసుకుపోయింది. ఒక ఆటగాడి నిజమైన మార్కెట్ ధర ఎంతో అందరికీ మొదటిసారి కనిపించింది అప్పుడే.

మరుసటి ఏడాది ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇంకో ఇద్దరు పిచర్లు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఏడాది గడిచింది కాబట్టి మేం క్లబ్‌కి కట్టుబడిలేమని వాదించారు. 1975 డిసెంబర్ 23న అదే సైట్జ్ వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చాడు. యజమానులు వెంటనే ఆయన్ని మధ్యవర్తి పదవి నుంచి తీసేశారు. తీర్పు మాత్రం నిలబడింది. ఇప్పటి ఆరేళ్ల నిబంధన ఆ తర్వాత రెండు పక్షాలూ కూర్చుని కుదుర్చుకున్న రాజీ.

జపాన్ నుంచి వచ్చే దారి, మధ్యలో క్లబ్ వాటా

యమమోటో విషయానికొస్తే, జపాన్ లీగ్‌లో ఆటగాడికి తనంతట తాను విదేశాలకు వెళ్లే హక్కు తొమ్మిదేళ్లు ఆడితేగానీ రాదు. అంతకుముందే వెళ్లాలంటే అతని క్లబ్ ఒప్పుకుని పోస్టింగ్ అనే పద్ధతిలో పంపాలి. క్లబ్ పేరు ప్రకటిస్తుంది, అమెరికా జట్లన్నీ 45 రోజుల్లో అతనితో మాట్లాడుకోవచ్చు, ఒప్పందం కుదిరితే పాత క్లబ్‌కి ఫీజు కట్టాలి.

ఇప్పటి ఫీజు శ్లాబుల పద్ధతిలో ఉంటుంది, మన ఆదాయపు పన్నులాగే. ఒప్పందంలో మొదటి 2.5 కోట్ల డాలర్ల మీద 20 శాతం, తర్వాతి 2.5 కోట్ల మీద 17.5 శాతం, ఆపై మొత్తం మీద 15 శాతం. యమమోటో 32.5 కోట్లకు వేసి చూద్దాం. మొదటి శ్లాబు 50 లక్షలు. రెండోది 43.75 లక్షలు. మిగిలిన 27.5 కోట్ల మీద 15 శాతం 4 కోట్ల 12.5 లక్షలు. కలిపితే 5 కోట్ల 6.25 లక్షల డాలర్లు. ఇది యమమోటో జేబులోంచి పోదు, 32.5 కోట్ల మీద అదనంగా డాడ్జర్స్ ఒసాకాలోని ఓరిక్స్ బఫెలోస్ క్లబ్‌కి కట్టింది. అంటే డాడ్జర్స్‌కి అతను పడ్డ ధర దాదాపు 37.6 కోట్లు. పేపర్లలో వచ్చిన అంకెలో ఈ 5 కోట్లు లేవు.

పాత పద్ధతిలో ఆటగాడికి అన్యాయం ఎక్కువ జరిగేది. 2006లో బోస్టన్ రెడ్ సాక్స్, దైసుకే మత్సుజాకాతో మాట్లాడే హక్కు కోసమే సీల్డ్ కవర్లో 5.11 కోట్ల డాలర్లు రాసి గెలిచింది. వేలం గెలిచిన ఒక్క జట్టుతోనే అతను మాట్లాడాలి, ఇంకో దారి లేదు. చివరికి ఆరేళ్లకు అతనికి దక్కింది 5.2 కోట్లు. ఆటగాడికి ఎంతో, అతన్ని పంపిన సెయిబు లయన్స్ క్లబ్‌కీ అంతే. 2013లో ఫీజుకి 2 కోట్ల పరిమితి పెట్టి, ఆ మొత్తం ఇవ్వడానికి ఒప్పుకున్న జట్లన్నీ ఆటగాడితో మాట్లాడవచ్చన్నారు. పోటీ పెరిగింది, మసహిరో తనాకాకు యాంకీస్ 15.5 కోట్లు ఇచ్చింది.

ఈ పద్ధతిలోనే ఇంకో మడత ఉంది. జపాన్ ఆటగాడికి 25 ఏళ్లు నిండకపోతే, లేదా అక్కడ ఆరు సీజన్లు ఆడకపోతే అతన్ని అమెరికా నిబంధనలు అమెచ్యూర్‌గా చూస్తాయి. అప్పుడు జట్లు తమ అంతర్జాతీయ బోనస్ కోటాలో ఉన్న కొద్దిపాటి డబ్బే ఇవ్వగలవు, ఆటగాడు ఆరేళ్ల లెక్క మొదటి నుంచి మొదలుపెట్టాలి. రోకి ససాకి 2022లో ఒక మ్యాచ్‌లో వరసగా 13 మందిని స్ట్రైకౌట్ చేసి (అంటే బంతిని కొట్టనివ్వకుండానే ఔట్ చేసి), ఒక్క బ్యాటర్‌నీ బేస్‌కి చేరనివ్వకుండా ముగించినవాడు. 2025 జనవరిలో 23 ఏళ్లకే డాడ్జర్స్‌లో చేరాడు. బోనస్ 65 లక్షల డాలర్లు. ఈ రకం ఒప్పందంలో ఫీజు బోనస్‌లో నాలుగో వంతు కాబట్టి, చిబా లొట్టే క్లబ్‌కి వచ్చింది 16.25 లక్షలు. ఓరిక్స్‌కి వచ్చినదాంట్లో ముప్ఫయ్యో వంతు. ఒహ్తానీ కూడా 2017 చివర్లో ఇలా 23 ఏళ్లకే 23 లక్షల బోనస్‌తో ఏంజెల్స్ అనే జట్టుకి వచ్చినవాడే. ఆగితే వచ్చే డబ్బు ఎంతో ఇద్దరికీ తెలుసు. చెయ్యి ఎన్నాళ్లుంటుందో తెలియదు కాబట్టి చిన్న వయసులోనే పెద్ద లీగ్‌లో ఆడాలనుకోవడంలో తప్పేమీ లేదు. ససాకిని పెంచిన క్లబ్‌కి మాత్రం పోటుగాడు పోయి చిల్లర మిగిలింది.

మోచేతిలో ఒక నరంపాటి కట్టు

మోచేతి లోపలి వైపు రెండు ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ ఒకటుంది. పిచర్ బంతి విసిరే ప్రతిసారీ దాని మీద విపరీతమైన లాగుడు పడుతుంది. 1974 సెప్టెంబర్ వరకూ అది తెగిందంటే ఆట అయిపోయినట్టే. అప్పుడు డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కుడి ముంజేతి నుంచి తీసిన టెండన్‌ని ఎడమ మోచేతిలో ఎముకలకు రంధ్రాలు చేసి ఎనిమిది అంకె ఆకారంలో కట్టాడు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చాడు, 1989 దాకా ఆడాడు, ఆపరేషన్ తర్వాతే 164 మ్యాచ్‌లు గెలిచాడు. అప్పటి నుంచి ఆ ఆపరేషన్‌కి అతని పేరే. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆ కాలమంతా జీతం నడుస్తూనే ఉంటుంది.

గాయాలు పెరగడానికి కారణమేమిటో మేజర్ లీగ్ 2024 డిసెంబర్‌లో ఒక నివేదిక వెలువరించింది. ప్రతి బంతినీ పూర్తి బలంతో వేయడం, వేగం కోసం, బంతి తిరుగుడు కోసం వెంపర్లాడటం ముఖ్య కారణాలని అది చెప్పింది. సగటు ఫాస్ట్‌బాల్ వేగం 2008లో గంటకు 147 కిలోమీటర్లు, 2024లో దాదాపు 152. వేగం ఉంటేనే ఒప్పందం వస్తుంది, ఆ వేగమే చేతిని తినేస్తుంది. పిచర్ మార్కెట్లోని చిక్కంతా ఇక్కడుంది.

ఒకే క్లబ్‌లో ఇద్దరిని చూస్తే ఇది కళ్లకు కడుతుంది. వాషింగ్టన్ నేషనల్స్ 2015లో మాక్స్ షెర్జర్‌కి ఏడేళ్లకు 21 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 30 ఏళ్ల పిచర్‌కి ఏడేళ్లేమిటని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అతను ఆ జట్టుకి దాదాపు 190 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, రెండు సై యంగ్‌లు గెలిచాడు, ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో 2019 ఏడో మ్యాచ్ మొదలుపెట్టింది కూడా అతనే. మ్యాచ్‌కి 11 లక్షల చొప్పున పడింది. అదే 2019 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్. ఆ డిసెంబర్‌లో అతనికి ఏడేళ్లకు 24.5 కోట్లు ఇచ్చారు. ఆ తర్వాత అతను ఆడినవి మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. మణికట్టు ఆపరేషన్, భుజం దగ్గర నరాలూ రక్తనాళాలూ నొక్కుకుపోతే ఇంకో ఆపరేషన్, 2024లో రిటైర్మెంట్. ఒక్కో మ్యాచ్‌కి 3 కోట్ల 6 లక్షలు. క్లబ్ తెలివితక్కువగా కొన్నదని నేననుకోను. సంతకం రోజున ఇద్దరి మధ్య తేడా చెప్పగలిగినవాళ్లెవరూ లేరు. స్ట్రాస్‌బర్గ్ వయసు 31, అప్పుడే వరల్డ్ సిరీస్ గెలిపించి వచ్చాడు.

అందుకే ఒప్పంద పత్రాల్లో మోచేతి గురించి షరతులు చేరుతున్నాయి. యమమోటో మధ్యలో రెండుసార్లు ఒప్పందం వదిలేసి మళ్లీ మార్కెట్లోకి వెళ్లవచ్చు. మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ జరిగితే మాత్రం ఆ తేదీలు వెనక్కి జరుగుతాయి. ఒప్పందం వదులుకునే హక్కు ఆటగాడికి లాభం, ఆ వెనక్కి జరగడం క్లబ్‌కి రక్షణ.

కుమార్ రాకర్ చేతి స్కాన్

ఇదే చేతి భయం కొత్త కుర్రాడి సంతకాన్ని ఎలా తారుమారు చేస్తుందో చెప్పడానికి కుమార్ రాకర్ కథ సరిపోతుంది. తండ్రి నల్లజాతి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి తరఫు తాత, అమ్మమ్మలు భారత్ నుంచి వెళ్లినవాళ్లు. 2019 జూన్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అప్పటికి అతను మొదటి సంవత్సరం విద్యార్థి.

2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో స్థానంలో తీసుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. డ్రాఫ్ట్ తర్వాత చేసిన వైద్య పరీక్షల్లో చేతిలో ఏదో చూసి మెట్స్ వెనక్కి తగ్గింది. డ్రాఫ్ట్‌కి ముందు ఎంఆర్‌ఐ ఇవ్వని ఆటగాడికి కనీస మొత్తం ఇవ్వాలన్న నిబంధన వర్తించదు, రాకర్ ఇవ్వలేదు. ఆగస్టు 1న గడువు దాటిపోయింది. ఒక్క డాలరూ ఖర్చు పెట్టని మెట్స్‌కి పరిహారంగా మరుసటి డ్రాఫ్ట్‌లో 11వ స్థానం దొరికింది. రాకర్‌కి ఏమీ రాలేదు. భుజానికి చిన్న ఆపరేషన్ చేయించుకుని, న్యూయార్క్ రాష్ట్రంలో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే స్వతంత్ర లీగ్ జట్టుకి ఆడాడు.

2022లో టెక్సాస్ రేంజర్స్ ఎవరూ ఊహించని విధంగా అతన్ని మూడో స్థానంలోనే తీసుకుంది. ఆ స్థానానికి కేటాయించిన విలువ 76 లక్షలు, ఇచ్చింది 52 లక్షలు. మిగిల్చుకున్న డబ్బుతో నాలుగో రౌండ్‌లో ఇంకో పిచర్‌కి 37 లక్షలు ఇచ్చింది. రాకర్‌కి మొదటి మాట కంటే 8 లక్షలు తగ్గింది, ఏడాది పోయింది. 2023 మేలో టామీ జాన్ ఆపరేషన్ కూడా తప్పలేదు. మెట్స్ భయం నిజమైందని కొందరన్నారు. భుజం గురించి భయపడితే మోచెయ్యి తెగిందని ఇంకొందరన్నారు. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ తొలి మ్యాచ్‌లో నాలుగు ఇన్నింగ్స్‌లోనే ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు. 2022 ఒప్పందంలో నిబంధన మార్చారు: డ్రాఫ్ట్‌కి ముందే వైద్య పరీక్ష చేయించుకున్న ఆటగాడికి, ఫలితం ఎలా ఉన్నా, ఆ స్థానం విలువలో 75 శాతమైనా ఇవ్వజూపాలి. రాకర్ పోగొట్టుకున్నది తర్వాతివాళ్లకు దక్కింది.

భారతీయుల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. 2008లో పైరేట్స్ ఉత్తరప్రదేశ్‌కి చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లతో పిచర్లుగా సంతకం చేయించింది. ఆ రింకూ ఇప్పటి క్రికెటర్ కాదు. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా రాలేకపోయారు.

70 కోట్లు ఇవాళ ఎంత విలువ

ఒహ్తానీకి ఏటా రావాల్సింది 7 కోట్లు. అందులో అతను అప్పటికప్పుడు తీసుకునేది 20 లక్షలు. మిగతా 6.8 కోట్లు పదేళ్లు ఆగి, వడ్డీ లేకుండా వస్తాయి. 2024 బకాయి 2034లో, అలా చివరిది 2043లో.

పదేళ్ల తర్వాత వచ్చే 6.8 కోట్లకు ఇవాళ విలువెంత? అప్పటి నిబంధన ప్రకారం లీగ్ వాడిన వడ్డీ రేటు 4.43 శాతం. ఇవాళ 4.41 కోట్లు ఆ రేటుకి వేస్తే, చక్రవడ్డీతో పదేళ్లకు 6.8 కోట్లవుతాయి. కాబట్టి ఒక ఏడాది జీతం విలువ 4.41 కోట్లు, పైన 20 లక్షలు, కలిపి దాదాపు 4.6 కోట్లు. పదేళ్లకు 46 కోట్లు. 70 కోట్లన్నది శీర్షిక, 46 కోట్లు ధర.

డాడ్జర్స్ ఈ డబ్బంతా 2034 దాకా దర్జాగా వాడుకుంటుందనేది అపోహ. వాయిదా వేసిన జీతం ఇవాళ్టి విలువను రెండేళ్లలోగా విడిగా నిధిలో పెట్టి చూపాలని నిబంధన ఉంది. వాయిదా పద్ధతి కొత్తదీ కాదు. షెర్జర్ 21 కోట్లలో సగం ఇలాంటిదే. అతను వాషింగ్టన్ వదిలి వేరే జట్లకు ఆడుతున్నప్పుడూ నేషనల్స్ నుంచి ఏటా 1.5 కోట్లు వస్తూనే ఉన్నాయి, 2028 దాకా వస్తాయి. హంటర్ 50 వేల డాలర్లనూ మరచిపోకూడదు.

పన్ను దగ్గర తడిసి మోపెడు

జట్టు ఖర్చుకి మూత లేదన్నాను. మూత బదులు పన్ను ఉంది, లగ్జరీ టాక్స్ అంటారు. 2025లో జట్టు జీతాలు 24.1 కోట్ల డాలర్లు దాటితే, దాటిన మేరకు పన్ను కట్టాలి. మొదటి ఏడాది దాటితే 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. హద్దుని మరీ 6 కోట్లకు మించి దాటితే ఇంకో 60 శాతం పైన. అంటే ఏటా దాటే జట్టు చివరి శ్రేణిలో కట్టేది 110 శాతం.

అలాంటి జట్టు ఏడాదికి 3 కోట్ల సగటుతో ఒక పిచర్‌ని తెచ్చుకుందనుకోండి. పన్ను 3.3 కోట్లు. ఆ పిచర్ ఖరీదు ఏడాదికి 6.3 కోట్లు. 2024లో డాడ్జర్స్ కట్టిన పన్ను 10.3 కోట్లు.

పన్ను లెక్కలో చూసేది ఆ ఏడాది చేతికిచ్చిన డబ్బు కాదు, ఒప్పందం మొత్తాన్ని (వాయిదా ఉంటే దాని ఇవాళ్టి విలువను) సంవత్సరాలతో భాగించిన సగటు. యమమోటో 32.5 కోట్లలో వాయిదా ఏమీ లేదు, కానీ పన్నెండేళ్లకు పరచడం వల్ల సగటు 2.7 కోట్లకు దిగింది. ఎనిమిదేళ్లకే రాసుంటే 4 కోట్లు దాటేది. ఒప్పందాలు ఎందుకంత పొడుగ్గా సాగుతున్నాయంటే ఒక కారణం ఇది. 37 ఏళ్ల వయసులో అతను ఇంత బాగా వేస్తాడని ఎవరూ నమ్మడం లేదు.

ఎవరి వాదన ఏమిటి

ఒహ్తానీ ఒప్పందంతో డాడ్జర్స్ పన్ను ఎగ్గొట్టిందనేవాళ్ల లెక్క ఇది: పుస్తకాల్లో ఏడాదికి 7 కోట్లు పడాల్సినచోట 4.6 కోట్లే పడ్డాయి, 2.4 కోట్ల తేడా మీద 110 శాతం అంటే ఏటా 2.64 కోట్లు మిగిలాయి. అవతలి జవాబు కూడా బలమైనదే. వాయిదా లేకపోతే ఎవరూ 70 కోట్లు ఇచ్చేవారు కాదు, దాదాపు 46 కోట్ల దగ్గరే సంతకం అయ్యేది, అప్పుడూ పన్ను లెక్కలో పడేది అదే 4.6 కోట్లు. నాకు ఈ రెండోదే సరైన లెక్కగా కనిపిస్తుంది. అయితే ఆటగాడు అంత ఓపికపట్టడానికి ఒహ్తానీలా ప్రకటనల ఆదాయం ఉండాలి, క్లబ్‌కి పదేళ్ల తర్వాతి బకాయి మోసే సత్తా ఉండాలి. రెండూ కుదిరే జట్లు కొన్నే. కాలిఫోర్నియా ప్రభుత్వానిది ఇంకో ఫిర్యాదు: 2034 నాటికి అతను వేరే చోట నివసిస్తుంటే ఆ రాష్ట్రానికి ఆదాయపు పన్ను రాకుండా పోవచ్చు.

చిన్న నగరాల యజమానులు గట్టి మూత కావాలంటున్నారు. డాడ్జర్స్ 2024లోనూ 2025లోనూ వరల్డ్ సిరీస్ గెలిచింది. 2025లో 97 మ్యాచ్‌లు గెలిచి లీగ్ మొత్తంలో ముందున్న చిన్న నగరం జట్టు మిల్వాకీని, వరల్డ్ సిరీస్‌కి ముందు దశలో నాలుగుకి నాలుగూ ఓడించింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో యమమోటో రెండో మ్యాచ్ ఒక్కడే పూర్తిగా వేశాడు, ఆరోది 96 బంతులు వేసి గెలిపించాడు, మరునాడే ఏడో మ్యాచ్ చివర్లో మళ్లీ వచ్చి ఇంకో 34 బంతులు వేశాడు. డబ్బు ఆడిందనేవాళ్లకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆటగాళ్ల సంఘం వేరే సాక్ష్యం చూపిస్తుంది. ఆ ఏడో మ్యాచ్ 11 ఇన్నింగ్స్ దాకా వెళ్లి ఒక్క పరుగుతో తేలింది. అదే ఏడాది డాడ్జర్స్ తర్వాత అంత ఖర్చు పెట్టిన మెట్స్ ప్లేఆఫ్స్‌కే చేరలేదు. పెద్ద జట్లు ఇచ్చే వాటా సొమ్ము తీసుకుని ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టని క్లబ్బులకు ముందు కనీస ఖర్చు నిర్ణయించండి అంటుంది సంఘం.

ఈ గొడవలో రెండు పక్షాలూ తక్కువగా మాట్లాడుతున్న విషయం నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. పిచర్ చెయ్యి మంచి దశలో ఉండేది మొదటి ఆరేళ్లలో. ఆ ఆరేళ్లూ బేరం లేదు. 28, 30 ఏళ్లకు బేరం వచ్చేసరికి వెయ్యికి పైగా ఇన్నింగ్స్ ఆ చేతి మీద పడి ఉంటాయి, క్లబ్ గడిచిన పనికి జీతాన్ని రాబోయే పని పేరుతో ఇస్తుంది. స్ట్రాస్‌బర్గ్ ఒప్పందాన్ని వృథా ఖర్చంటారు. అతను వాషింగ్టన్‌కి తక్కువ జీతానికి వేసిన తొలి ఏళ్లు ఆ లెక్కలో ఎవరూ కలపరు. స్కీన్స్ 2029 సీజన్ ముగిసేదాకా పిట్స్‌బర్గ్ అధీనంలోనే ఉంటాడు, ఈలోగా ఆ మోచెయ్యి తెగితే నష్టం క్లబ్‌ది తక్కువ, అతనిది ఎక్కువ. మూతా పన్నూ ఎటు తేలినా ఈ ఆరేళ్లను నాలుగో, ఐదో చేస్తే పిచర్లకు జరిగే న్యాయం ఎక్కువ. యజమానులు ఊరికే ఒప్పుకోరు, ఎందుకంటే చిన్న జట్లు నిలబడుతున్నది ఆ చౌక ఏళ్ల మీదే. మిల్వాకీ 97 విజయాల్లోనూ వాటి వాటా ఉంది.

చర్చలు తెగకపోతే ఏమవుతుందో ఇంతకుముందూ చూశారు. మూత పెడతామన్నందుకు 1994 ఆగస్టులో ఆటగాళ్లు సమ్మెకి దిగారు, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రద్దయింది. 2021 డిసెంబర్‌లో యజమానులే తలుపులు మూశారు, 99 రోజులు నడిచింది. ఆ రోజుల్లో సంతకాలు నిలిచిపోయాయి. గాయాలతో ఉన్న పిచర్లు క్లబ్ డాక్టర్లతో, ట్రైనర్లతో మాట్లాడటానికి కూడా వీల్లేకపోయింది. 2026 డిసెంబర్ 1 రాత్రి లోగా కొత్త ఒప్పందం కుదరకపోతే, ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్న ప్రతి పిచర్‌కీ మళ్లీ అదే పరిస్థితి రావచ్చు.